ఏ లోపంతో కాపురం చేస్తావురా?

రాత్రి పదకొండున్నరకి ఫోను మోగింది. మా మేనల్లుడు. గిద్దలూరు పిల్లాడు, గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆ వేళప్పుడు ఫోను మోగితే మా వయసువాళ్లకి గుండె జారుతుంది. లేచి కూర్చుని "ఏమైందిరా?" అన్నాను.

"ఏం కాలేదు మామా. పీఎస్ టూ కొందామనుకుంటున్నా. లావుది కొనాల్నా, సన్నది కొనాల్నా?"

తిట్టబోయి ఆగాను. వాడి గొంతులో నిజంగానే బాధ ఉంది. ఇరవై రోజులుగా ఇదే పనట. ఆఫీసు నుంచి రావడం, పాత ప్లేస్టేషన్ 2 మోడళ్ల వీడియోలు చూడటం, ఒకటి ఖాయం చేసుకోవడం, పడుకోబోయే ముందు దాని వంక ఒకటి బయటపడటం, తెల్లారి మళ్లీ మొదటికి రావడం. చేతిలో డబ్బుంది. తేల్చుకునే ధైర్యమే లేదు.

ఈ జబ్బు మీకూ ఉండొచ్చు. వీడియో గేమ్ కాకపోతే స్కూటరు, స్కూటరు కాకపోతే మార్కాపురంలో ప్లాటు, అదీ కాకపోతే పెళ్లి సంబంధం. అందుకని ఆ రాత్రి వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. వీడియో గేములంటే పడనివాళ్లు కాస్త ఓపిక పట్టండి, ఇప్పుడే ఎద్దులొస్తాయి.

మా తాత ఎద్దుల బేరానికి పోతే నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. చేసే మొదటి పని నోరు తెరిచి పళ్లు చూడటం. రెండు పళ్లు వేసిందా, నాలుగా, ఆరా? దాన్నిబట్టి వయసు తెలుస్తుంది. ఇప్పటికీ మా జిల్లాలో ఒంగోలు ఎద్దులకు బండలాగుడు పందేలు పెడితే విభాగాలు చాలావరకు పళ్ల లెక్కనే ఉంటాయి. పళ్లయ్యాక నడిపించేవాడు, బండికి కట్టి తోలించేవాడు. అమ్మేవాడు "ఏ వంకా లేదు పెద్దాయనా" అన్నాడంటే మా తాతకు ఒళ్లు మండేది. "వంక లేని ఎద్దును నువ్వెందుకు అమ్ముతావు? వంకేందో చెప్పు, అప్పుడు బేరమాడదాం" అనేవాడు.

ఒకసారి లారీ హారనుకు బెదిరే ఎద్దును తెచ్చాడు. ఊరంతా నవ్వింది. మా చేనికి పోయే దోవలో లారీ అన్నది ఏనాడూ రాలేదు. తొమ్మిదేళ్లు దున్నింది ఆ ఎద్దు.

ప్లేస్టేషన్ 2కి పళ్లు అడుగున ఉంటాయి. తిరగేస్తే ఒక చీటీ, దాని మీద ఎస్‌సీపీహెచ్ అనీ, పక్కన ఐదంకెలూ. 2000 మార్చి 4న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన తొలి మెషిన్ 10000. తర్వాత వచ్చిన 30000, 39000, 50000 అన్నీ లావువే. 2004లో 70000తో సన్నవి మొదలయ్యాయి. 75000, 77000, 79000 దాటి చివరికి 90000 దగ్గర వంశం ఆగింది. వేలను బట్టి వయసు, ఆఖరి అంకెను బట్టి ఊరు: సున్నా అయితే జపాన్, ఒకటయితే అమెరికా, నాలుగయితే ఐరోపా. 2013 జనవరిలో తయారీ ముగిసిందని తెలిసేనాటికి ప్రపంచంలో పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయిన సరుకు ఇది. దొరకదన్న భయం అక్కర్లేదు. ఎక్కువ దొరకడమే మనవాడి చిక్కు.

"లావుది ఎందుకు మంచిదో ఒక పేజీ రాసుకున్నా మామా, సన్నది ఎందుకు మంచిదో ఇంకో పేజీ" అన్నాడు.

"రెండూ చింపెయ్. వంకలు చెప్పు."

చెప్పాడు. పిల్లాడికి విషయం బాగా తెలుసు. లావుది రెండు కిలోలు దాటుతుంది, బీరువా సొరుగులా ట్రే ముందుకొస్తుంది, ఆ ట్రే ముసలిదై మొరాయిస్తుంది. మొదటి మోడళ్ల ఫ్యాను రొద పెడుతుంది, 50000 కాస్త నెమ్మది. 30000 నుంచి వచ్చిన లావువాటి గొప్పంతా వెనకున్న గదిలో ఉంది, అందులో హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు. సన్నది కిలోకి లోపే, మందం మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. మూత పైకి తెరుచుకుంటుంది. అయితే హార్డ్ డిస్క్ గది లేదు. 79000 దాకా కరెంటు అడాప్టరు విడిగా వేలాడుతుంటుంది, 90000లో లోపలికి పోయింది. 75000తో లోపలి చిప్పు ఒకటి మార్చారు, దాంతో కొన్ని పాత ఆటలు సరిగ్గా ఆడవు. మొదటి సన్నవాటిలో లెన్సు కింది రిబ్బను పట్టీ పైకి లేచి డిస్కును గీకుతుంది, టేపు ముక్క అంటిస్తే సర్దుకుంటుంది.

చూశారుగా, వంక లేనిది ఒక్కటీ లేదు. మంచి గుణాలు చూసి ఎంచుకోబోతే ఏ పనీ తెగదు. ఎందుకంటే మంచివన్నీ మనకే కావాలనిపిస్తుంది, హార్డ్ డిస్కూ కావాలి, సన్నగానూ ఉండాలి. వంకల లెక్క అట్లా కాదు. ఏ వంక మన ఇంట్లో, మన దోవలో అసలు ఎదురుపడదో వెతికితే జాబితా చకచకా కరిగిపోతుంది. అందుకే మా వాణ్ణి ఒకటే అడిగాను: "ఏ లోపంతో కాపురం చేస్తావురా?"

వాడు నవ్వలేదు. ఆలోచనలో పడ్డాడు. మంచి సూచన.

"ఎక్కడ పెట్టుకుంటావు?" అన్నాను.

గచ్చిబౌలి గదిలో కాదట. గిద్దలూరులోనట, పండక్కీ సెలవులకీ పోయినప్పుడు తమ్ముడితో ఆడటానికట. అంటే బట్టల సంచిలో పెట్టుకుని బస్సులో శ్రీశైలం ఘాట్ మలుపులన్నీ తిరిగి, దోర్నాల, మార్కాపురం మీదుగా ఇంటికి చేరాలి. లావుదాని బరువు అక్కడ తేలిపోయింది. పైగా ఊళ్లో కరెంటు సంగతి నాకు తెలుసు. వేసవిలో సాయంత్రమయ్యేసరికి ఫ్యాను ముక్కుతుంది, ఒక్కోసారి బల్బు ఉన్నట్టుండి తెల్లగా మండుతుంది. అట్లాంటి ఇంట్లో విడిగా వేలాడే అడాప్టరు వంక కానే కాదు. కాలితే చాలాసార్లు అదొక్కటే కాలుతుంది, మెషిన్ బతుకుతుంది. వీడియోల్లో అందరూ 90000ను మెచ్చుకునేది అడాప్టరు లేనందుకే. వాళ్ల ఇళ్లలో కరెంటు నిలకడగా ఉంటుంది కాబోలు.

సలహాలు విన్నప్పుడల్లా ఇది గుర్తుపెట్టుకోండి. చెప్పేవాడు అబద్ధం చెప్పడు, తన ఇంటి సంగతి చెబుతాడు. హార్డ్ డిస్కు నిండా నాలుగొందల ఆటలు నింపుకున్నవాడికి లావుదే దేవుడు. మా వాడు ఆడబోయేది ఎన్ని ఆటలు? అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టాడు: ఈఏ వాళ్ల క్రికెట్ 07, ఒక స్మాక్‌డౌన్, శాన్ ఆండ్రియాస్, ఇంకో రెండు. ఐదు డిస్కులవాడు నాలుగొందల ఆటలవాడి బరువు ఇరవై రోజులు మోశాడు.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకురా ఇది?"

కాసేపు మాట లేదు. తర్వాత చెప్పాడు. ఆరో తరగతిలో ఉండగా వేసవి సెలవులకి మా ఇంటికి, మార్కాపురం వచ్చాడు. అప్పట్లో గంటకింతని తీసుకుని వీడియో గేమ్ ఆడించే చిన్న గది ఒకటుండేది. వీడి దగ్గర డబ్బుల్లేవు. గుమ్మం పక్కన నిలబడి క్రికెట్ ఆడేవాళ్ల వెనక నుంచి చూసేవాడు. గది ఓనరు రెండుసార్లు ఊరుకున్నాడు, మూడోసారి "ఆడితే లోపలికి రా, లేకపోతే పో" అన్నాడు. నాకు చెబితే పది రూపాయలు ఇచ్చేవాణ్ణే. చెప్పలేదు.

"ఆ గదిలో ఉన్నది ఎట్లా ఉండేదిరా?"

"నల్లగా, పల్చగా. మూత పైకి లేచేది మామా."

ఇరవై రోజుల మీమాంస అక్కడ సగం తీరింది. వాడికి కావలసింది ప్రపంచంలోకెల్లా మంచి పీఎస్ టూ కాదు, గుమ్మం దగ్గర నుంచి చూసినది. మీరు కొనదలచిన పాత వస్తువు ఏదైనా, మోడలు నంబర్ల జోలికి పోయేముందు దాన్ని మొదట ఎక్కడ చూశారో గుర్తు తెచ్చుకోండి. పాతవి కొనేవాళ్లలో చాలామంది కొనేది ఒక వయసును. ఏ వయసో తెలిస్తే ఏ మోడలో తెలుస్తుంది.

తొంభైల్లో పెరిగినవాళ్ల కథ ఇంకోటి. వాళ్లు చూసింది ప్లేస్టేషన్ కాదు, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో వచ్చిన టీవీ గేములు. అవి 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్లు. క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని ఉండేది, లోపల ఉండేవి నాలుగైదు ఆటలే, అవే మళ్లీ మళ్లీ వేరే లెవెల్లో మొదలయ్యేవి. ఇప్పుడు జీతాలొచ్చాక అసలు జపాన్ ఫ్యామికామ్ తెప్పించుకుందామని మనసు పడతారు. తెప్పించుకుని నీరసపడతారు. చిన్నప్పుడు ఆడింది నకలుతో కాబట్టి, అసలు చేతికొచ్చినా ఏదో తేడాగా ఉంటుంది.

పైగా బాతుల్ని కాల్చే తుపాకీ ఆట కావాలంటే మెషిన్ గురించి తలబద్దలు కొట్టుకోవడం దండగ, చూసుకోవలసింది టీవీని. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, బాతు ఉన్నచోట మాత్రం తెల్ల గడి వెలుగుతుంది, తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటుంది. డబ్బా టీవీలో ఆ వెలుగు తక్షణం వస్తుంది. ఇప్పటి గోడ టీవీ బొమ్మను సవరించుకుని చూపేసరికి ఆలస్యమైపోతుంది, బాతు ఎగిరిపోతుంది. వేలు పోసి అసలు తుపాకీ తెప్పించి, గోడ టీవీ ముందు నిలబడి గంటసేపు ఒక్క బాతునూ కొట్టలేక తుపాకీని తిట్టుకున్న పెద్దమనిషిని నేనెరుగుదును. ఆయన ఇంటి డబ్బా టీవీ ఆ దసరాకే పాతసామాన్ల బండెక్కింది.

నా పరువు కూడా కాస్త తీసుకుంటాను. చాలా ఏళ్ల కిందట చెన్నైలో ఒక కొట్టులో జపాన్ మెషిన్ ఒకటి కంటబడింది. అట్ట డబ్బా, లోపల కాగితాలు, ఒక్క గీత లేదు. "మన కరెంటుకి పనిచేస్తుందా?" అంటే "అంతా ఒకటే సార్" అన్నాడు. ఇంటికొచ్చి అడాప్టరు గోడకి పెట్టాను. జపాన్‌ది 100 వోల్టుల కరెంటు, మనది 230. టప్‌మని చిన్న శబ్దం, తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. అడాప్టరు మీద చీటీ ఉంది, దాని మీద 100 అని ముద్ర కూడా ఉంది. డబ్బా మెరుపు చూసిన కళ్లకి అది ఆనలేదు. ఎద్దు కొమ్ములకి పూసిన రంగు చూసి పళ్లు చూడకుండా తోలుకొచ్చానన్నమాట.

అందుకే మా వాడు "జపాన్‌వి చవకలో, కొత్తవాటిలా దొరుకుతున్నాయి మామా" అనగానే అడ్డుపడ్డాను. కరెంటు ఒకటే కాదు, ప్లేస్టేషన్ 2కి ప్రాంతాల పట్టింపు ఉంది. జపాన్ మెషిన్ జపాన్ డిస్కునే ముట్టుకుంటుంది. మన దేశంలో అమ్మినవి ఐరోపా వరసలో వచ్చిన డిస్కులు. అందులో మనవాళ్ల చేతి పని కూడా ఉంది. పీఎస్ 3 వచ్చాక కూడా మన దగ్గర పీఎస్ టూ జోరు తగ్గని 2009లో హైదరాబాదు కంపెనీ అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. పీఎస్ టూ కోసం పూర్తిగా భారతదేశంలో తయారైన మొదటి ఆట అదే. అదే ఏడు హైదరాబాదు గేమ్‌శాస్త్ర వాళ్ల 'దేశీ అడ్డా' కూడా వచ్చింది, కబడ్డీ, గిల్లీదండాలతో. ఆటగా హనుమాన్ అంత గొప్పదేం కాదు, విమర్శకులు ఏకిపారేశారు. అయినా తమ్ముడికి చూపించాలని వీడి ముచ్చట. ఆ ముచ్చట తీరాలంటే తళతళలాడే జపాన్ మెషిన్ కొనడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఇక సుడులు. ఎద్దుకు నుదుట ఎక్కడ సుడి ఉంటే కలిసొస్తుందో, ఎక్కడ ఉంటే ఇల్లు గుల్లవుతుందో చెప్పేవాళ్లు సంతలో ఎప్పుడూ ఉంటారు. మా తాత వినేవాడు, తలూపేవాడు, ధర మాత్రం సుడికి కట్టేవాడు కాదు. పాత మెషిన్లలో పరిమిత సంఖ్యలో వచ్చిన రంగులు, విప్పని డబ్బాలు, సీరియల్ నంబర్లు అన్నీ సుడులే. సేకరించేవాళ్లకి వాటి విలువ వాటికుంది, కాదనను. ఆడుకోవడానికి కొనేవాడు సుడికి డబ్బు కట్టడం నాకు నచ్చదు.

కొత్తది పాతదానికంటే మంచిదనే నమ్మకం కూడా వదిలించుకోండి. సెగా మెగా డ్రైవ్ మొదటి మోడల్లో పాట వినసొంపుగా ఉంటుంది, రెండోదాన్ని చిన్నది చేసినప్పుడు చెవులున్నవాళ్లు పెదవి విరిచారు. అట్లాగని పాతదే గొప్పా? మొట్టమొదటి ప్లేస్టేషన్లలో లెన్సు ఉండే ప్లాస్టిక్ అరిగిపోతే డిస్కు చదివించడానికి జనం మెషిన్‌ను తలకిందులుగా పెట్టి ఆడేవాళ్లు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీలో అయితే 001కీ 101కీ ఒక్క అంకె తేడా. 001 తెర మీద ముందునుంచి మసకగా వెలుగు పడుతుంది, 101లో వెనకనుంచి నిండుగా వస్తుంది. పేరు చూసి కొన్నవాడు ఒకటి అనుకుంటే ఇంకోటి ఇంటికొస్తుంది. కొత్తా పాతా అన్న వాదన పక్కనబెట్టి నంబరు అడగండి. అడిగితే చిరాకుపడే అమ్మకందారును వదిలేయండి.

ఇన్ని విన్నాక మా వాడు 77000 దగ్గర ఆగాడు. ఆగి, "ఒకవేళ ఇంకా మంచిది..." అని మొదలుపెట్టాడు. ఇక్కడ కాస్త కటువుగా ఉండాలి. గడువు పెట్టాను: శనివారం సాయంత్రం. ఈలోపు పనికొచ్చేది ఏది కనబడితే అది. అన్నిట్లోకీ గొప్పదాన్ని వెతకడం మాని, చాలినంత బాగున్నదాన్ని పట్టుకోవడమే మనుషులు నిజంగా చేయగలిగిన పని అని హెర్బర్ట్ సైమన్ 1950ల్లోనే చెప్పాడు. ఆయనకి 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మా తాతకి రాలేదు.

కొనేటప్పుడు మాత్రం మొహమాటం వద్దన్నాను. బండికి కట్టకుండా ఎద్దును ఎవడు కొంటాడు? సొంత డిస్కులు రెండు పట్టుకుపొమ్మన్నాను. ఒకటి అడుగు నీలంగా ఉండేది, అది సీడీ. ఇంకోటి వెండి రంగుది, డీవీడీ. లెన్సు ముసలిదైతే ఒకటి చదివి రెండోదాని దగ్గర తెల్లమొహం వేస్తుంది. రెండూ వేసి ఒక్కోటీ అరగంట ఆడాలి. కంట్రోలరు రెండు పోర్టుల్లోనూ పెట్టి చూడాలి. ఆ తర్వాత టీవీ సౌండు తగ్గించి మెషిన్‌కు చెవి ఆనించాలి. మార్కాపురం పలకల ఊరు కదా, చిన్నప్పుడు మేం పలకను వేలి కణుపుతో తట్టి చూసేవాళ్లం. ఖంగుమంటే సంచిలోకి, బొంగురుగా మోగితే కుప్పలోకి. ఇదీ అంతే. ఆరోగ్యంగా ఉన్న మెషిన్ సన్నగా జుయ్యిమంటుంది. జబ్బుది టక్, టక్, టక్ అని ఆగి ఆగి వెతుక్కుంటుంది. ఆ టక్‌టక్ వినబడ్డాక ధర ఎంత తగ్గించినా లేచి వచ్చేయాలి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఎద్దులకంటే వీటికే బాగా నప్పుతుంది. కొన్న మర్నాడు అమ్మజూపితే ఎవడూ అడగడు.

శనివారం కొన్నాడు. మధ్యాహ్నం మూడింటికే. లెన్సు సన్నగా జుయ్యిమందట, ఫోనులో నాకూ వినిపించాడు.

సంక్రాంతికి నేనూ గిద్దలూరు వెళ్లాను. అటక మీది డబ్బా టీవీని మా బావ, పిల్లలు కలిసి దించారు. వెనక బల్లి గుడ్లు రెండు. తుడిచి, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు గుచ్చితే బొమ్మ నిలబడింది. రిబ్బను పట్టీకి టేపు ముక్క బస్సెక్కకముందే అంటించుకొచ్చాడు. అన్నదమ్ములు క్రికెట్ మొదలుపెట్టారు. జీవితంలో కంట్రోలరు పట్టని మా బావ గంటసేపు మంచం మీద నుంచి చూసి, ఉండబట్టలేక "ఇటియ్యిరా" అన్నాడు. చిన్నవాడి చేతిలో నూట నలభై పరుగుల తేడాతో చిత్తుగా ఓడాడు.

అప్పుడు తెలిసింది, అమ్మినవాడు మెమరీ కార్డు ఇవ్వలేదని. అన్నీ అడిగిన మావాడు అదొక్కటీ మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను. కార్డు లేకపోతే టోర్నీ నిలవదు, మెషిన్ ఆపితే గెలుపోటములన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వాడు గబగబా ఫోను తీసి ఆర్డరు పెట్టబోతుంటే మా బావ కంట్రోలరు చేతిలోంచి దించకుండా అన్నాడు: "ఇప్పుడేం తొందర్లే. నేనొకసారి గెలిచినాక తెప్పిద్దువు గానీ."